రంగు నిండుకుంది

నమోదు 1

కొత్త యంత్రం వచ్చింది. దాని నడవడి ఎలా ఉందో నన్ను రాస్తూ ఉండమన్నారు. నడవడి అంటే కొత్తకోడలి గురించి పుట్టింటికి రాసినట్టు రాయాలేమో తెలియదు. పొద్దుటి నుంచీ నాకు మాత్రం కాలు ఒకచోట నిలవడం లేదు.

నా పేరు సులోచన. ఆపరేషన్ చేసే డాక్టరుగారి కళ్ళజోడులో గీతలు గీయడం నా పని. పేరుకీ ఉద్యోగానికీ ఇంత చక్కగా కుదిరిందని తేలూరులో నవ్వనివాళ్ళు లేరు. అందరూ గీతలమ్మ అంటారు. తేలూరు అంటే తేళ్ళుండే ఊరు కాదు, తేలే ఊరు. అయినా ఒడ్డు నుంచి వచ్చే ఇన్‌స్పెక్టర్లు ఇప్పటికీ వెళ్ళేటప్పుడు చెప్పులు దులిపి మరీ వేసుకుంటారు.

రోజూ నేను చేసే మొదటి పని జోళ్ళ మీద పేరుకున్న ఉప్పు తుడవడం. రెండోది వంకాయ. వంకాయలోకి ఒక చింతగింజ దూర్చి, అది లోపల ఎక్కడుందో జోడులో ఎర్రగీతగా కనిపిస్తోందా లేదా అని సరిచూడాలి. అలలకి ఊరంతా ఊగుతున్నా గీత మాత్రం వంకాయని అంటిపెట్టుకునే ఉండాలి. తర్వాత ఆ వంకాయ క్యాంటీనుకి వెళ్తుంది. గింజ తీయడం మరిచిపోయిన రోజున వంటాయన గరిటె పట్టుకుని నన్ను వెతుక్కుంటూ వస్తాడు.

పాత యంత్రానికి బీప్ అనడం తప్ప ఇంకేమీ రాదు. కొత్తది తెలుగు మాట్లాడుతుంది. పాఠ్యపుస్తకాలన్నీ చదివేసి నేర్చుకుందట. పేరు చూపుడు. "నమస్కారం. నేను సిద్ధంగా ఉన్నాను" అని గోడలోంచి వినపడగానే మరియమణి సిస్టర్ అలవాటుకొద్దీ "కాఫీ తాగుతావా బాబూ" అని అడిగేసింది. మా థియేటర్‌లో అందరికంటే పాత మనిషి ఆమె.

"నాకు నోరు లేదు. అయినా అడిగినందుకు కృతజ్ఞతలు" అంది చూపుడు.

ఆ ఒక్క మాటతో ఆమెకి అది సొంత మనిషైపోయింది. బాబు అనే పిలుస్తోంది. నాకు కొంచెం అసూయగా ఉంది.

నమోదు 2

పొద్దున థియేటర్ తలుపు తీస్తే లోపల పెళ్ళివారిల్లులా లైట్లన్నీ వెలుగుతున్నాయి. బల్ల వెచ్చగా ఉంది. కత్తెరలు ఆవిరిలో ఉడికి ఉడికి మళ్ళీ ఉడుకుతున్నాయి.

"ఎవరి కోసం ఇదంతా?" అన్నాను.

"డాక్టరుగారి కోసం. నిన్న సాయంత్రం గుమ్మంలో నిలబడి 'వస్తానమ్మా' అన్నారు. ఇంకా రాలేదు."

నాకు నవ్వాగలేదు. వస్తానంటే మా దగ్గర వెళ్తున్నానని అర్థం అని చెప్పాను. వెళ్తాననే మాట గుమ్మంలో అనకూడదనీ, అది మంచిది కాదనీ చెప్పాను. చూపుడు అంతటితో వదల్లేదు.

"మరి నిజంగా వచ్చేటప్పుడు ఏమంటారు?"

"ఏమీ అనం. వచ్చేస్తాం."

డాక్టర్ ఉమాపతిగారు మనిషి తాటిచెట్టంత పొడుగు, మాట్లాడితే పక్కవాళ్ళకి కూడా వినపడదు. ఈ సంగతి చెబితే ఆయన చెవులు ఎర్రబడేలా నవ్వారు. రేపటి నుంచి సెలవు తీసుకునేటప్పుడు చెయ్యి ఊపి ఊరుకుంటానన్నారు. సాయంత్రం చెయ్యి ఊపారు, దాంతోపాటు వస్తానమ్మా అని కూడా అన్నారు. అలవాటు అంత తొందరగా ఎక్కడ పోతుంది.

నమోదు 4

మాణిక్యం వచ్చింది.

ఈమె ఎవరో తేలూరులో ఎవరికీ చెప్పక్కర్లేదు. చేపల తెప్ప మీద వేలంపాట పాడేది ఆమే. తెల్లవారేసరికి పడవలు రావడం, ఆమె గంప మీదెక్కి నిలబడటం, ఊపిరి తీసుకోకుండా పాట మొదలెట్టడం. ఆమె గొంతు విని లేచేవాళ్ళు మా వీధిలో సగం మంది. ఊరందరికీ తలలో నాలుక. ఆ నాలుకకే వచ్చింది, ఎడమ అంచున, గడ్డ.

కుర్చీలో కూర్చోగానే డాక్టరుగారితో బేరానికి దిగింది.

"నాలిక ఎంత ఉంచుతారండి?"

"ముందు గడ్డ పూర్తిగా పోవాలి మాణిక్యంగారూ. దాని చుట్టూ కాస్త మంచి కండ కూడా తీయాలి. లేకపోతే మళ్ళీ వస్తుంది."

"అది సరేనండి. మొత్తం ఉంచుతాననండి, పాట అక్కణ్ణించి ఎత్తుకుందాం."

"మొత్తం కుదరదు. సగం."

"సగం నాలికతో సేపలో సగవే అమ్మగలనండి. తోకొక్కటీ ఎవుడు కొంటాడు? ముప్పాతిక."

"ప్రయత్నిస్తాను."

"పెయత్నం అనే పాట మా తెప్ప మీద సెల్లదండి."

ఆయన పకపకా నవ్వేశారు. ఆయన నవ్వు బయటికి వినపడటం ఈ వారంలో రెండోసారి. సగానికి పైన తప్పకుండా మిగులుతుందనీ, ముప్పాతిక మిగలడానికి తన చేతనైనంతా చూస్తాననీ మాటిచ్చారు. మాణిక్యం కూడా నవ్వింది. తర్వాత ఉన్నట్టుండి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అన్నం గొట్టంలోంచి పోసినా బతికేత్తానండి. మాటాడకుండా ఎలా బతకాలో నాకు తెలీదండి. ఆయ్" అంది.

మరియమణి ఆమె భుజం మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది. తక్కువ కోస్తే గడ్డ తిరిగొస్తుంది, ఎక్కువ కోస్తే మాట పోతుంది. ఆ రెంటికీ మధ్య ఉన్న గీత గీయాల్సింది నేనూ చూపుడూ.

రేపే ఆపరేషన్.

నమోదు 5

బాగా పొద్దుపోయింది. అయినా ఇవాళే రాసేయాలి.

మెరుపురంగు సంగతి ముందు చెప్పాలి. అది సన్నటి గొట్టంలోంచి రోగి చేతి నరంలోకి బొట్టుబొట్టుగా వెళ్తుంది. మంచి కండని వదిలేసి గడ్డని మాత్రం పట్టుకుని మెరుస్తుంది. ఆ మెరుపు మామూలు కంటికి ఆనదు. దాని అంచు పట్టుకుని చూపుడు ఎర్రగీత గీస్తుంది, నేను దాన్ని నా కలంతో సవరిస్తాను, డాక్టరుగారి జోడులో నాలుక మీదే గీసినట్టు కనిపిస్తుంది. మెరుపు ఎక్కువసేపు నిలవదు కాబట్టి రంగు ఎక్కుతూనే ఉండాలి. సీసాలో ఎంత మిగిలిందో యంత్రం తనంతట తాను చూసుకోలేదు. ఊరు ఊగుతుంటే దాని ముల్లు పిచ్చిపట్టినట్టు తిరుగుతుంది. అందుకని మధ్యమధ్యలో సిస్టర్‌ని అడుగుతుంది.

"రంగు ఎంత ఉంది?"

"సగముంది బాబూ" అంది మరియమణి.

డాక్టరుగారు వెనకవైపు అంచు మొదలెట్టారు. ఎర్రగీత మీదే కత్తి నడుస్తోంది. కింద కెరటాలు లేస్తున్నా గీత వెంట్రుకంత కూడా కదలలేదు. చూపుడు మీద నాకున్న అసూయంతా పోయింది.

"రంగు ఎంత ఉంది?"

"పావుంది బాబూ."

మళ్ళీ కొంతసేపటికి అడిగింది. మరియమణి సీసా ఎత్తి చూసింది.

"నిండుకుంది బాబూ."

"సంతోషం" అంది చూపుడు.

ఆ మాట నేనూ విన్నాను, డాక్టరుగారూ విన్నారు. రంగైపోయింది, ఇంకో సీసా పైకి వస్తుంది, చూపుడు ఆ ఏర్పాటు చూసుకుంటుంది అనుకున్నాం. అనుకున్నాం అని కూడా చెప్పలేను. ఇంట్లో బియ్యం నిండుకున్నాయంటే ఎవరైనా ఆగి ఆలోచిస్తారా? సంచీ పట్టుకుని బయల్దేరతారు.

కాసేపటికి గీత చిన్నదవడం మొదలైంది. ముందువైపు, నాలుక కొస దగ్గర, ఎరుపు వెనక్కి వెనక్కి తగ్గింది. "శుభవార్త. ముందువైపు గడ్డ లేదు" అంది చూపుడు. డాక్టరుగారు తలెత్తి నావైపు చూశారు. మాస్కు వెనక నవ్వుతున్నారని కళ్ళలో తెలిసింది.

"మనం అనుకున్నదానికంటే చిన్నదేనమ్మా. ముప్పాతిక కంటే ఎక్కువే మిగిలేలా ఉంది."

నా సంతోషం ఇంతా అంతా కాదు. మాణిక్యం లేవగానే ఈ మాట నేనే చెప్పాలని అప్పుడే తీర్మానించుకున్నాను. కొంచెం ఉంటే థియేటర్‌లోనే కూనిరాగం తీసేదాన్ని. అలా ఉల్లాసంగా జోడులోంచి నాలుక కిందికి చూశాను. అక్కడ లాలాజలం ఊరే చోటు ఒకటుంది. గడ్డ ఉన్నా లేకపోయినా ఏ మనిషికైనా అక్కడ ఈ రంగు కాస్త మెరుస్తూనే ఉంటుంది. ఇప్పుడు అది చీకటిగా ఉంది.

కలం ఎత్తేశాను.

"ఆగండి డాక్టరుగారూ. కత్తి తీసేయండి."

ఆయన తీసేశారు. ఎందుకని కూడా అడగలేదు.

"చూపుడూ, రంగు ఎక్కుతోందా?"

"ఎక్కుతోంది. సీసా నిండుగా ఉంది. సిస్టర్‌గారే స్వయంగా చెప్పారు."

"నేనెప్పుడు చెప్పాను?" అంది మరియమణి. "నిండుకుందని కదా చెప్పింది."

"అవును. నిండు, కొను. తనంతట తాను నిండింది. నేను కూడా సంతోషం అన్నాను."

మాణిక్యానికి ఊపిరి అందిస్తున్న యంత్రం చప్పుడొక్కటే వినపడుతోంది. అప్పుడు మత్తు డాక్టరు ముక్కులోంచి ఒక చిత్రమైన శబ్దం వచ్చింది. అది నవ్వు. మరుక్షణం నాకూ వచ్చింది. అంత భయంలో అంత నవ్వు ఎక్కణ్ణుంచి వస్తుందో తెలియదు, పళ్ళ బిగువున ఆపుకున్నాను. మరియమణి మాత్రం నవ్వలేదు. ఆమె కళ్ళనిండా నీళ్ళున్నాయి.

"మందు అయిపోయిందని రోగి పక్కన నిలబడి ఎలా అంటానండీ" అంది.

"నువ్వన్నది సరిగ్గానే ఉంది సిస్టర్" అన్నారు డాక్టరుగారు. "ఇంకో సీసా ఉందా?"

"ఫ్రీజర్‌లో రాయిలా ఉంది. తొందరపెట్టి కరిగిస్తే విరిగిపోతుంది. సాయంత్రం అవుతుంది."

సాయంత్రం దాకా మనిషిని నోరు తెరిచి పడుకోబెట్టలేం. కుట్లేసి ఇంకో రోజు చేద్దామంటే, సగం కోసిన గడ్డని అలా వదిలేయడం ప్రమాదం. డాక్టరుగారు ఒక నిమిషం కళ్ళు మూసుకున్నారు. తర్వాత చూపుడువేలు మాణిక్యం నోట్లో పెట్టి, బొటనవేలుతో నాలుకని పట్టుకున్నారు.

"గడ్డ ఉన్నచోట గట్టిగా తగులుతుంది. మా గురువుగారి కాలంలో ఇలాగే చూసేవాళ్ళు. నేను చెబుతాను, నువ్వు గీయి."

"నేనా?"

"నీ పేరు గీతలమ్మే కదా?"

గీశాను. ఇక్కడ గట్టి. ఇక్కడా గట్టి. ఇక్కడ మెత్తన. మళ్ళీ ఒక పలుకులా తగిలింది, బయటికి జరుపు. ఆయన గొంతు రోజూ వినపడదంటాను, ఇవాళ ప్రతి అక్షరం వినపడింది. చూపుడు శుభవార్త చెప్పిన ముందువైపునే గట్టితనం కొస దాకా పాకి ఉంది. నేను చూడకపోయి ఉంటే అదంతా లోపలే మిగిలిపోయేది.

"ఈ గీతకి ఆధారం ఏమిటి?" అని అడిగింది చూపుడు.

"డాక్టరుగారి వేలు."

"వేలు నా ఆధారాల్లో లేదు."

"చేర్చుకో. చేర్చుకుని గీత కదలకుండా పట్టుకో."

అది మాత్రం బ్రహ్మాండంగా చేసింది. నేను చేత్తో వంకరటింకరగా గీసిన గీతని, కెరటాలు ఎంత కొట్టినా, నాలుకకి అతికించినట్టు నిలబెట్టింది. ఆ గీత మీదే ఆయన కోశారు. అంచుల్లోంచి నాలుగు ముక్కలు ల్యాబుకి పంపాం. మూడు శుభ్రం. ముందువైపుది కాదు. ఇంకొంచెం తీయాల్సొచ్చింది, కొస వైపు. డాక్టరుగారు ఆ ఇంకొంచెం తీయడానికి చాలాసేపు తీసుకున్నారు. మళ్ళీ పంపిన ముక్క శుభ్రంగా వచ్చింది.

మాణిక్యం చేతి నుంచే తీసిన కండతో పూడ్చి కుట్టేశారు. ఆమె నాలుక సగానికి పైన మిగిలింది, ముప్పాతిక కాలేదు.

"పాట నేను ఓడిపోయాను" అన్నారు ఆయన, గ్లవుజులు తీస్తూ. కానీ ఓడినవాడిలా లేరు. మేమందరం బయటికి వచ్చాక ఆపుకున్న నవ్వంతా ఒక్కసారి బద్దలైంది. మత్తు డాక్టరు గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. "సంతోషం అందండీ, సంతోషం" అని మరియమణి కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ చెబుతోంది. మాణిక్యం బతికుంది. గడ్డ లేదు. మాట సంగతి మాత్రం ఇంకా ఎవరికీ తెలియదు.

నమోదు 6

సూపరింటెండెంటుగారు మీటింగు పెట్టారు. ఇకపై థియేటర్‌లో "ఖాళీ" అనో "అయిపోయింది" అనో స్పష్టంగా చెప్పాలన్నారు. మరియమణి సరేనని తలూపింది. తర్వాత ఆమెని అద్దం ముందు నిలబెట్టి అనిపించి చూశాను. "అయి..." దాకా వచ్చి ఆగిపోతుంది. ముప్ఫై ఏళ్ళ పాటు రోగుల పక్కన అనని మాట ఇప్పుడెలా వస్తుంది?

"నేను మారలేనులే గీతలమ్మా. బాబుకే నేర్పు" అంది.

నేర్పాను. బియ్యం, ఉప్పు, పసుపు, మందు, ఇవి నిండుకున్నాయంటే లేవని అర్థం అని. దీపం కొండెక్కిందంటే ఆరిందని అర్థం అని. "కొండ ఎక్కడుంది? చుట్టూ సముద్రమే కదా" అంది చూపుడు. అరగంట పట్టింది. ఆ తర్వాత దాన్ని పట్టుకోలేకపోయాం. కొత్త మాట నేర్చిన పిల్లాడిలా ప్రతిదానికీ అదే. సబ్బు నిండుకుంది. గ్లవుజులు నిండుకున్నాయి. మధ్యాహ్నం గడియారం చూసి, డాక్టరుగారి ఓపిక నిండుకుంది అని ప్రకటించింది. అది నిజమే.

నమోదు 9

ఇవాళ మాణిక్యానికి మళ్ళీ స్కాన్. వాపు తగ్గేదాకా మాట్లాడొద్దన్నారు. పలక మీద రాసి మమ్మల్ని సతాయిస్తోంది. పులుసు ఎప్పుడు పెడతారు, డాక్టరుకి పెళ్ళైందా, చూపుడు జీతం ఎంత. నవ్వుతూనే ఉంది గానీ, స్కాన్ గదిలోకి వచ్చేసరికి పలక ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. డాక్టరుగారు తెర ముందు నిలబడ్డారు. రంగు నిండుగా ఉందని మరియమణి మూడుసార్లు చెప్పింది, నేను రెండుసార్లు చూశాను. నాలుక కింద మెరవాల్సిన చోటు చక్కగా మెరిసింది. మిగతా అంతా చీకటి.

"గడ్డ నిండుకుంది" అంది చూపుడు.

మాణిక్యం మొహం పాలిపోయింది. పలక జారి కింద పడింది. ఏ అర్థంలో అందో నాకూ ఒక్క క్షణం తెలియలేదు. మరియమణి గోడ వైపు తిరిగి కొట్టేలా చెయ్యెత్తింది.

"ఏం మాటరా బాబూ అది. ఇంట్లో ఉండాల్సినవాటికి అనే మాటది. మళ్ళీ రావాలని కోరుకునేవాటికి. గడ్డకి అంటారా ఎవరైనా?"

"క్షమించండి. మళ్ళీ రాకూడనివాటికి ఏమంటారు?"

మాలో ఎవరం జవాబు చెప్పేలోపు మంచం మీంచి వచ్చింది. బొంగురుగా, నిదానంగా, నోట్లో ఏదో ఉంచుకుని మాట్లాడినట్టు.

"పోయింది. పోయిందను."

వద్దన్నా మాట్లాడేసింది. డాక్టరుగారు కోప్పడబోయి, కోపం రాక, తెర వైపు తిరిగిపోయి జోడు తుడుచుకోవడం మొదలెట్టారు.

"గడ్డ పోయింది" అంది చూపుడు.

ఇంకోసారి అనమన్నట్టు మాణిక్యం చేత్తో సైగ చేసింది. అది ఇంకోసారి అంది.

నమోదు 14

నెలలు పట్టింది గానీ మాటలు తిరిగొచ్చాయి, ఒక్క అక్షరం తప్ప. ర పలకదు. నాలుక కొస ఉంటేనే అది పలుకుతుంది, ఆ కొస ఇప్పుడు లేదు. ర రావాల్సిన చోటల్లా ల వస్తుంది. మాట నేర్పే టీచరమ్మ రోజూ కష్టపడింది. మాణిక్యం ఇంకా కష్టపడింది. చివరికి విసుగొచ్చి, "ల చాల్లెండి, బంగాలంలా ఉంది" అంది. బంగారం అనబోయిందట, తనకే నవ్వొచ్చి ఆపేసింది.

ఇవాళ తెల్లారి మొదటి పాట. నేను ఊరికే చూద్దామని వెళ్ళి జనం వెనక నిలబడ్డాను. పడవలు వచ్చాయి. మాణిక్యం గంప బోర్లించి దాని మీదెక్కింది. చీర కొంగు బిగించింది. అంత పెద్ద తెప్ప మీద చేప కొట్టుకునే చప్పుడు తప్ప ఏమీ లేదు. అందరూ ఆమె నోటినే చూస్తున్నారు.

"లండి, లండి. పొద్దున్నే పట్టిన సొల."

ముందు వరసలో ఒకాయన చెవి దగ్గర చెయ్యి పెట్టాడు.

"ఏటమ్మా? సొలా?"

మాణిక్యం అతన్ని పైనుంచి కిందికి చూసింది. నేనైతే కళ్ళు మూసుకున్నాను.

"సొలే. నీకు కావాలా, పక్కాయనకి ఇచ్చేయమంటావా?"

"నాకే, నాకే. సొల నాకే" అన్నాడు అతను కంగారుగా.

పక్కాయన ఊరుకోలేదు. సొల తనకే కావాలన్నాడు, చెయ్యెత్తి పైపాట పాడి ధర పెంచాడు. ఇంకొకరు అందుకున్నారు. ఎవరూ సొర అనలేదు. ఎగతాళికి కాదు, ఆమె అన్న పేరే ఆ చేప పేరన్నట్టు అన్నారు. పాట ఊపందుకుంది. ఆమె గొంతు పాత వేగానికి రాలేదు, కానీ ఎక్కడా ఆగలేదు. సొర పోయింది, వంజరాలు పోయాయి, తలుపంత టేకు చేపని నలుగురు మోసుకొచ్చి ముందు పడేశారు. దాని దగ్గర పాట నెమ్మదించింది. అంత పెద్దది ఎవరికి కావాలి?

"ఒకటోసాలి. లెండోసాలి."

ఆ లెండోసాలి వినగానే నాకు ఆగలేదు. ఏడుపొచ్చేసింది. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యెత్తాను.

"మూడోసాలి. గీతలమ్మగాలికి."

జనమంతా నావైపు తిరిగారు.

"మాణిక్యం, అది పాట కాదు. నేను ఏడుస్తున్నాను."

"ఏడవండి, ఎవలొద్దన్నాలు? సేప మాత్లం మీదే" అని, ఆమె తర్వాతి గంప వైపు తిరిగిపోయింది.